కంఠమునందలి రెండు త్రోవలు



అన్నము తినుచుండగా పొలమారినచో, మన యిండ్లలో ఆడవారు నడినెత్తిన మెల్లగా తట్టి "ఎవరో తలచుకొనుచున్నారు" అందురు. నా చిన్ననాట మా అమ్మమ్మయు అట్లే తట్టెడిది. ఎవరు తలచుకొన్నారని నేనడిగినచో, పొరుగూళ్ళలోని చుట్టముల పేర్లు ఒక్కొక్కటియే చెప్పుకొనిపోయి, ఏ పేరు దగ్గఱ దగ్గు ఆగునో వారే తలచుకొన్నారని తీర్పు చెప్పెడిది. ఆ తీర్పులో శాస్త్రము లేదు. కాని పొలమారుట యనగా లోనికి పోవలసినది త్రోవ తప్పుట యనియు, దగ్గు యనగా త్రోవ తప్పినదానిని శరీరము వెనుకకు నెట్టుట యనియు అందఱెఱిగినదే. దగ్గు వచ్చినంతకాలము కావలివాడు మేల్కొనియున్నాడు. వాడు నిద్రపోయినప్పుడు ఏమగునో మానవుడు తెలిసికొనుటకు చాల కాలము పట్టెను. ఆ చరిత్రనే ఈ పూట మనవి చేసెదను.

దువ్వాడలో మా బంధువుల యింట ఒక పెద్దాయన యుండెడివారు. వరుసకు నాకు పెదనాన్నగారు. ఒకనాటి యుదయమున ఆయనకు ఎడమప్రక్క పక్షవాతము వచ్చెను. మూతి వంకరపోయెను, మాట ముద్దగా వచ్చుచుండెను. కొన్నాళ్ళు ఆసుపత్రిలో నుంచి ఇంటికి తెచ్చిరి. ఇంటిల్లిపాదియు సేవచేసిరి. కోడలు పలుచని గంజి కాచి, ఆయన తలను దిండుమీదికి వెనుకకు వాల్చి, చెంచాతో నోట పోయుచుండెను. ఆయన మ్రింగుచుండెను. దగ్గలేదు, పొలమారలేదు. "చక్కగా దిగుచున్నది" అని అందఱము సంతసించితిమి. గంజి త్రాగిన పిదప మాత్రము ఆయన గొంతు నీళ్ళలోనుండి పలికినట్లు గురగురలాడుచుండెడిది. దానిని మేమెవ్వరము లెక్క చేయలేదు. ఆఱవనాటికి జ్వరము, ఎగయూపిరి వచ్చెను. రెండవ వారము గడవకమునుపే ఆయన పోయెను. ఆ గంజి గొంతు దిగినమాట నిజమే. అయితే దిగరాని త్రోవన దిగినది.

కంఠములో రెండు త్రోవలున్న సంగతి దువ్వాడవారికి చెప్పుటకు దూరము పోనక్కఱలేదు. మీ రైలుస్టేషనే చాలును. విజయవాడ దెసనుండి వచ్చు బండ్లకు దువ్వాడ దాటిన పిదప త్రోవ రెండుగా చీలును. ఒకటి విశాఖపట్నము స్టేషనునకు పోవును. అచ్చట ఇంజనును రెండవకొనకు మార్చుకొని వచ్చిన దెసకే తిరుగవలెను. రెండవది పట్టణపు స్టేషనును తాకక సింహాచలము మీదుగా ఉత్తరమునకు సాగును. అందుచేతనే దూరపుబండ్లు కొన్ని విశాఖపట్నము పోక దువ్వాడలోనే ఆగి పోవుచున్నవి. పాయింట్లు తప్పుగా పడెనా, బండి పోరానిచోటికి పోవును.

మన కంఠమును అట్టి కూడలియే. ముక్కునుండి ఊపిరియు, నోటినుండి అన్నమును ఒకే గదిలోనికి వచ్చును. ఆ గది అడుగున ముందువైపు ఊపిరిగొట్టము, వెనుకవైపు అన్ననాళము ఉన్నవి. అన్నము ముందున్న త్రోవను దాటి వెనుకదానిలో ప్రవేశింపవలెను. ముద్ద వచ్చిన క్షణమున ఊపిరి నిలుచును. కొండనాలుకతోకూడిన మెత్తని అంగిలి లేచి ముక్కుదారిని మూయును. స్వరపేటిక పైకిని ముందుకును లేచి నాలుక మొదటి క్రింద దాగును. గుటక వేయునప్పుడు గొంతుమీద వ్రేలు పెట్టి చూచినచో ఈ కదలిక మీకే తెలియును. ఉపజిహ్విక మూతవలె వంగును. స్వరతంత్రులు రెండును దగ్గఱకు చేరును. అప్పుడు అన్ననాళపు ద్వారము తెఱచుకొనును. ముప్పది జతల వఱకు కండరములు పాల్గొను ఈ పని కంఠములో ఒక సెకనుపాటు పట్టును. నిద్రలో సయితము ఉమ్మిని మ్రింగుటకై ఇది జరుగుచునే యుండును.

ఇంత నేర్పుగల పనిని పూర్వులు గమనింపకపోలేదు. గ్రీసు దేశపు తత్త్వవేత్త ప్లేటో, త్రాగిన నీరు ఊపిరితిత్తులకు పోయి గుండె వేడిమిని చల్లార్చునని తన టిమయస్ గ్రంథమున వ్రాసెను. హిప్పొక్రటీసు పేరుమీద చెల్లుచున్న గ్రంథములలో హృదయమును గూర్చిన దొకటి కలదు. అందొక పరీక్ష చెప్పబడినది. దప్పిగొన్న పందికి రంగు కలిపిన నీరు పెట్టి, అది త్రాగుచుండగా గొంతు కోసిచూచినచో ఊపిరిగొట్టములోపల రంగు కనబడునట. దీనినిబట్టి నీరు కొంత ఊపిరితిత్తులకు పోవుట ప్రకృతిధర్మమని వారు తలచిరి. ఎరసిస్ట్రాటస్ అను వైద్యుడు ఈ మతమును ఖండించెను. ఈ వాదము ఎంతకాలము సాగెనో చెప్పవలెనన్న, అయిదువందల యేండ్ల తరువాతి ప్లూటార్కు సయితము దానిని చర్చించెను. నాకు తోచినంతవఱకు ఆ పందిని కోసినవారి కన్ను మంచిదే, తీర్పే తప్పు. నీరు కొంత ప్రక్కదారి పట్టవచ్చుననుట నిజము. పట్టవలెననుట నిజము కాదు.

మన దేశమున సుశ్రుతుడు వాదమునకు పోక చికిత్సకే పూనుకొనెను. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 27వ అధ్యాయము దేహమున దిగబడిన శల్యములను తీయు విధానమును చెప్పుచున్నది. గొంతులో ఎముక గ్రుచ్చుకొన్నచో వెండ్రుకల యుండ నొకదానిని పొడవైన దారమునకు కట్టి, ద్రవముతోగూడ మ్రింగించి, వాంతి చేయించి, ఎముక ఆ యుండకు తగులుకొన్న సమయమున దారమును లాగవలెనట. ముద్దయే గొంతున నిలిచినచో, రోగికి తెలియకుండ భుజముపై పిడికిట గ్రుద్దవలెనని చెప్పినాడు. లేక నూనెయో, మద్యమో, నీరో త్రాగింపవలెనన్నాడు. గ్రుద్దుమన్న మాట నేటికిని నిలిచియున్నది. ఊపిరాడక గిలగిలలాడు వానిని ముందుకు వంచి, రెండు భుజఫలకముల నడుమ వీపుపై అరచేతి మడమతో చఱచుటయు, 1974లో అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ ప్రకటించినట్లు వెనుకనుండి కౌగిలించి కడుపును లోనికిని పైకిని నొక్కుటయు నేటి ప్రథమచికిత్సలో నున్నవి. త్రాగించుటను మాత్రము నేటివారు కూడదందురు.

ఎముక అడ్డుపడుట ఒక జబ్బు, త్రోవయే చెడుట మఱియొక జబ్బు. ఈ రెండవదానిలో అన్ననాళమునకు సంబంధించినది మొదట వైద్యుల దృష్టికి వచ్చెను. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అను వైద్యుడు 1674లో ప్రకటించిన గ్రంథమున ఒక రోగి కథ కలదు. అతడు తినినది కడుపునకు దిగక అన్ననాళమునందే నిండి తిరిగి వెడలిపోవుచుండెను. అన్ననాళము అడుగున కడుపు వాకిలి తెఱచుకొనకుండుటయే కారణమని విల్లిస్ ఊహించి, తిమింగిలపు ఎముకతో పుల్ల చేయించి, దాని కొనకు స్పంజి ముక్క కట్టించి యిచ్చెను. ఆ మనుష్యుడు ప్రతిపూటయు తిన్న పిదప ఆ పుల్లతో అన్నమును క్రిందికి నెట్టుకొనుచు పదునైదేండ్లు బ్రదికెను. పదునైదేండ్లు రెండుపూటల పుల్ల మ్రింగిన ఆ అజ్ఞాతుని ఓర్పును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యమగును.

ఈ పాయ కథ మన తెలుగువారియొద్దకే వచ్చి చేరినది గనుక ఇచ్చటనే ముగించెదను. ఆ జబ్బునకు అకలేసియా యని పేరు. 1913లో జర్మనీలో ఎర్నెస్టు హెల్లరు శస్త్రముతో ఆ బిగిసిన కండరమును చీల్చి వాకిలి సడలించెను. 2008లో జపాను దేశమున హరుహిరో ఇనోవె పైనుండి కోయకయే, నోటిద్వారా దూరదర్శిని గొట్టమును పంపి, అన్ననాళపు గోడలోపలనే సొరంగము చేసి ఆ కండరమును చీల్చెను. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఆ విధానము నవలంబించి, వరుసగా 400 మందికి పైగా రోగుల ఫలితములను 2017లో ప్రకటించిరి. ఏడాది గడచిన పిదప చూడగా నూటికి తొంబదికి పైగా రోగులకు అన్నము సుఖముగా దిగుచుండెను. కొందఱిలో కడుపులోని పులుసు పైకెగయు బాధ మిగిలెననియు వారే దాచక వ్రాసిరి. ఆ సంస్థను స్థాపించిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు 1956లో విశాఖపట్నముననే జన్మించినవారు. విల్లిస్ రోగి నేడు పుట్టియుండినచో పుల్ల మ్రింగనక్కఱలేక పోయెడిది.

పైనున్న కూడలిలో కలుగు జబ్బును తెలిసికొనుట ఇంతకంటె కష్టమయ్యెను. బ్రదికియున్నవాని గొంతులోనికి చూచుట యెట్లు? 1813లో ఫ్రాన్సు దేశమున మజెండీ కుక్కలకు ఉపజిహ్వికను కోసివేసి చూడగా అవి పొలమారకయే మ్రింగెను. ఊపిరిగొట్టమును కాపాడునది ఆ మూత యొక్కటియే కాదనియు, స్వరపేటికయే ముడుచుకొని తన్ను తాను కాపాడుకొనుననియు అతడు గ్రహించెను. మ్రింగుటను నోటిలోని పని, కంఠములోని పని, అన్ననాళములోని పని యని మూడు భాగములు చేసిన వాడును అతడే. ఆ విభాగమును నేటికిని వైద్యవిద్యార్థులు చదువుచున్నారు. 1868లో జర్మనీలో కుస్మౌల్ అను వైద్యుడు కత్తులు మ్రింగు గారడీవానిని పిలిపించి, వానిచేత తిన్నని లోహపుగొట్టమును మ్రింగించి కడుపులోనికి తొంగిచూచెను. కత్తి మ్రింగు విద్య మన దేశపు గారడీవాండ్రకు అంతకు పూర్వమే తెలిసినదే. దక్షిణదేశమునుండి లండనుపోయిన రామసామి యనువాడు 19వ శతాబ్ది తొలిభాగముననే ఆ విద్యను ప్రదర్శించి డబ్బు గడించెను. కాని గొట్టములో చూచినది కడుపునే గాని గుటకను కాదు. గుటక పడునప్పుడు గొట్టమునకు తావుండదు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. మఱుసటి యేడే అమెరికాలో హార్వర్డు వైద్యకళాశాల విద్యార్థి వాల్టర్ కానన్ వానిని మ్రింగుడు పరీక్షకు వాడెను. అతడును అతని తోటివిద్యార్థి మోజరును పరీక్షించిన జంతువులలో ఒక బాతు కూడ నుండెను. దాని మెడ పొడుగు గనుక లోపలి నడక చూచుటకు అనుకూలమని వారి యూహ. బాతును పెట్టెలో నుంచి, మెడ కదలకుండ అట్టపట్టీ చుట్టి, బిస్మతు కలిపిన మేత మ్రింగించిరి. కిరణములు బిస్మతును దాటజాలవు గనుక అది తెరపై నల్లని ముద్దయై మెడవెంట దిగుచు కనబడెను. అంతవఱకు ఊహలో నున్నది ఆనాడు కంటికి కనబడినది. కొంతకాలమునకు బిస్మతునకు బదులు చౌకయైన బేరియము వచ్చెను. సున్నపు తేటవంటి ఆ మందు త్రాగి ఫోటో తీయించుకొన్నవారు మీలో కొందఱుందురు.

ఇంత జరిగినను పక్షవాతపు రోగి కంఠము మాట ఎవరికిని పట్టలేదు. ఫోటో యనగా ఒక్క నిలుకడ బొమ్మ. గుటకయన్ననో సెకనులో ముగియునది. కదలు బొమ్మలు తీయు యంత్రములు రెండవ ప్రపంచయుద్ధము పిదపనే విరివిగా వాడుకలోనికి వచ్చెను. వచ్చిన తరువాత సయితము వైద్యులు అన్ననాళములో గడ్డయున్నదా యని చూచిరేగాని, కంఠమున నీరెటు పోవుచున్నదని చూచుట అరుదు.

ఆ చూపు మరలుటకు కారణమైన రోగులలో నోటి పుట్టకురుపు గలవారు ముఖ్యులు. ఈ సందర్భమున మన ఉత్తరాంధ్రపు సంగతి చెప్పవలెను. విశాఖ, శ్రీకాకుళము ప్రాంతములలో అడ్డపొగ యనునది మీకు తెలియనిది కాదు. చుట్టను వెలిగించి నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చుట. గాలికి ఆరదనియు, పనిచేయు చేతులకు అడ్డురాదనియు అందురు. మగవారికంటె ఆడవారిలోనే ఇది హెచ్చు. కోపెన్‌హేగన్ నగరపు పిండ్‌బోర్గు, బొంబాయి టాటా పరిశోధనసంస్థకు చెందిన ఫలీ మెహతా మొదలగువారు శ్రీకాకుళము జిల్లాలో ఇంటింటికి తిరిగి 10,169 మంది నోళ్ళను పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగుచుండిరి. అట్టివారి అంగిలి తెల్లబడి, ఎఱ్ఱని చుక్కలు తేలియుండుట వారు కనుగొనిరి. విశాఖపట్నమున 1923లో వెలసిన వైద్యకళాశాల, నేటి ఆంధ్ర వైద్యకళాశాలలో, సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డిగారు ఈ పొగకును గట్టి అంగిలి పుట్టకురుపునకును గల సంబంధమును శోధించి 1974లో వ్రాసిరి. లోకమున మఱెక్కడను అరుదుగా వచ్చు ఈ పుట్టకురుపు మన ప్రక్కన తఱచుగా నుండుటకు కారణము ఇట్లు తేలినది. 1986లో ప్రకటింపబడిన మఱియొక శోధన శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాల 36,000 మందికి సంబంధించినది. పొగాకు మానుమని ఇంటికి వచ్చి నచ్చజెప్పినచో మానువారుందురనియు, నోటిలోని తెల్లమచ్చలు తగ్గుననియు అందు తేలినది.

అంగిలికిని మ్రింగుటకును సంబంధమేమని అడుగవచ్చును. నాలుక ముద్దను వెనుకకు నెట్టునప్పుడు అంగిలియే దానికి ఆనుడుబల్ల. అంగిలినో, నాలుకనో కొంత కోసివేసిన పిదప రోగి బ్రదుకును గాని గుటక వేయలేడు. ఇట్టివారికి మరల మ్రింగుట నేర్పవలసివచ్చినప్పుడు, నేర్పుటకు ముందు లోపల ఏమి జరుగుచున్నదో చూడవలసివచ్చెను. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెరీ లోగెమన్ అను విదుషీమణి ఈ పనికి పూనుకొనెను. ఆమె శస్త్రవైద్యురాలు కాదు. మాటలు సరిగా రానివారికి నేర్పు శాఖకు చెందినది. మాటకును గుటకకును అవే కండరములు గదా! గ్లాసెడు బేరియము త్రాగించుటకు బదులు, ఆమె చెంచాలో మూడవవంతు మొదలుకొని, పలుచనిది, చిక్కనిది, గట్టిది క్రమముగా నిచ్చి, కదలుబొమ్మలు తీసి, ఒక్కొక్క క్షణమును నిలిపి చూచెను. పొలమారుచున్నదా యని చూచుటతో ఆగక, గడ్డము రొమ్మువైపు వంచినచో మారునా, పడిపోయిన ప్రక్కకు తల త్రిప్పినచో మారునా యని అచ్చటనే పరీక్షించెను. ఆమె గ్రంథము 1983లో వెలువడెను. 1988లో సూసన్ లాంగ్‌మోర్, ముక్కుగుండ సన్నని దూరదర్శిని గొట్టమును దించి కంఠమును పైనుండి చూచు విధానమును ప్రకటించెను. దీనికి కిరణములు అక్కఱలేదు. రోగి మంచము కడకే తీసికొనిపోవచ్చును.

ఈ బొమ్మలలో కనబడిన దొక్కటి వైద్యులను దిగ్భ్రమ చెందించెను. పక్షవాతపు రోగులలో కొందఱికి నీరు స్వరతంత్రులను దాటి ఊపిరిగొట్టములోనికి జాఱుచున్నను వారు దగ్గుట లేదు. కన్ను చెమర్చదు, ముఖము మారదు. కావలివాడు నిద్రించుచున్నాడు! రాసెడు రాసెడు దిగి ఊపిరితిత్తులలో చేరి, నోటిలోని క్రుళ్ళును తోడ్కొనిపోయి న్యుమోనియా కలిగించును. కెనడాలో రోజ్‌మెరీ మార్టినో అంతకు మునుపటి శోధనలన్నిటిని కూర్చి 2005లో ప్రకటించిన లెక్కలు చూడుడు. పక్షవాతపు రోగులలో మ్రింగుడు చెడినవారు ఎందఱని పైపైన పరీక్షించినప్పుడు నూటికి 37 మొదలు 45 మంది వఱకు తేలిరి. యంత్రములతో లోపలికి చూచినప్పుడు 64 మొదలు 78 మంది వఱకు తేలిరి. వారికి న్యుమోనియా వచ్చుట మూడురెట్లు హెచ్చు. మా పెదనాన్నగారు ఆ పైపై చూపునకు అందని వారిలో నొకరై యుండవలెను.

అట్లని పల్లెటూరిలో ఎవరి యింట ఈ యంత్రములుండును? ఉండనక్కఱలేదు. 1992లో అమెరికాలో డిపిప్పో మొదలగువారు మూడు ఔన్సుల నీటిని, అనగా సుమారు 90 మిల్లీలీటర్లను, ఆగక త్రాగించి, దగ్గు వచ్చినను, త్రాగిన పిదప గొంతు తడిసినట్లు పలికినను అనుమానింపవలెనని చూపిరి. ఆ గురగురయే మేము విని వదలిన గుర్తు! ఆస్ట్రేలియాలో 19 పక్షవాత చికిత్సాశాలలలో శాండీ మిడిల్‌టన్ నడిపి 2011లో ప్రకటించిన శోధనలో, జ్వరము, చక్కెర, మ్రింగుడు ఈ మూడింటిని నర్సులు నియమముగా కనిపెట్టుకొని యున్నచోట, మూడు నెలలు గడచుసరికి చనిపోయినవారును, పరాధీనులై మిగిలినవారును తగ్గిరి. గొప్ప మందు ఏదియు లేదు; మ్రింగగలడో లేదో చూడనిదే నోట నేమియు పెట్టకుండుట అందొక భాగము. కావున మూతి వంకరపోయి చేయి పడిపోయిన వానికి, మన వాడుక చొప్పున ముందుగా మంచినీళ్ళు పోయక, వెంటనే ఆసుపత్రికి చేర్చి, నీళ్ళు పోయవచ్చునా యని అచ్చట అడుగవలెను. ప్రాణము పోవువేళ పోయు తులసితీర్థమును నేను తప్పుపట్టుట లేదు. బ్రదుకవలసిన వానికి పోయు నీటి మాటయే నేను చెప్పుచున్నాను.

శాస్త్రజ్ఞులు తమ తప్పులను సయితము దిద్దుకొన్న సంగతి చెప్పకున్న చరిత్ర సగమే యగును. పలుచనిది జాఱును గనుక ద్రవములన్నిటిని చిక్కగా చేసి యిమ్మని కొంతకాలము అందఱును చెప్పిరి. లోగెమన్ ప్రభృతులు మతిమఱుపు జబ్బు, పార్కిన్‌సన్ వణుకు గల 711 మందిని పరీక్షించి 2008లో ప్రకటించిరి. యంత్రము ముందర చిక్కనిది తక్కువగా త్రోవ తప్పినమాట నిజమే. కాని వారిలో 515 మందిని మూడు నెలలు కనిపెట్టి చూడగా, గడ్డము వంచి పలుచనిది త్రాగినవారికిని, చిక్కనిది త్రాగినవారికిని న్యుమోనియా వచ్చుటలో చెప్పుకోదగిన భేదము లేదు. పైగా చిక్కనిది రుచింపక తక్కువ త్రాగి, ఒంట నీరు ఎండినవారు హెచ్చిరి. కావున ఎవరికేది తగునో చూచి చెప్పవలెనే గాని అందఱకు ఒకే కొలత చెల్లదు.

అంతకుమునుపే 1998లో లాంగ్‌మోర్ 189 మంది వృద్ధులను కనిపెట్టి చూచి మఱియొక వింత చెప్పెను. న్యుమోనియా రాగలదని ముందుగా తెలుపు గుర్తులలో మ్రింగుడు లోపము ఒక్కటియే చాలదు. ఒకరు తినిపింపవలసివచ్చుట, నోరు ఒకరు కడుగవలసివచ్చుట, పుచ్చిపోయిన పండ్లు, ఇవి అంతకంటె బలమైన గుర్తులు. జపానులో యొనెయామా మొదలగువారు 11 వృద్ధాశ్రమములలో 417 మందిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమువారికి భోజనమైన పిదప ప్రతిసారియు పండ్లు తోమించిరి. రెండేండ్లలో న్యుమోనియా తోమనివారిలో నూటికి 19 మందికిని, తోమినవారిలో 11 మందికిని వచ్చెనని 2002లో ప్రకటించిరి. ఉదయమున వేపపుల్లతో ఒక్కసారి తోముకొని ఊరకుండు మనకు ఇది ఆలోచింపదగిన లెక్క. మంచము పట్టినవాని నోరు కడుగుట ఇంకను ఆలోచింపదగినది. స్నానము చేయించుదుము, బట్ట మార్చుదుము, నోటి మాట మఱతుము.

మ్రింగుడు చెడినవారిలో చాలమందికి అది కొన్ని వారములకు తిరిగి వచ్చును. ఎట్లని మాంచెస్టరులో షహీన్ హామ్దీ శోధించెను. గుటకకు మెదడున రెండు ప్రక్కలను స్థానములున్నవనియు, అవి రెండును సమానములు కావనియు 1996లో ఆయన చూపెను. పెద్దది చెడినప్పుడు గుటక చెడును. చెడని ప్రక్కనున్న చిన్నది క్రమముగా పెరిగి ఆ పని నేర్చుకొనును. ఆలోపల ఆ మనుష్యుని కాపాడుటయే మన వంతు. అప్పటివఱకు ముక్కుగొట్టముతో ఆహారము పోసినచో రోగి యింటివారు అదేదో తుదిఘడియయని బెదరుదురు. చాలమందికి అది కొన్నాళ్ళ ఆసరా మాత్రమే. ఇంకొక మాట. పక్షవాతము లేకయే, మొదట గట్టిముద్ద, పిదప మెత్తనిది, పిదప నీరును దిగకపోవుచు మనిషి చిక్కిపోవుచున్నచో అది వయసని ఊరకుండరాదు. అన్ననాళములో పుట్టకురుపున్నదేమో వైద్యునకు చూపవలెను.

పెదనాన్నగారు పోయిన అయిదేండ్లకు అదే యింట పెద్దమ్మకును పక్షవాతము వచ్చెను. ఈసారి ఆసుపత్రిలో ఒక నర్సు ఆమెను నిటారుగా కూర్చుండబెట్టి, చెంచాతో నీరిచ్చి, "అమ్మా, మీ పేరు చెప్పుడు" అనెను. పేరు తడిగా వచ్చెను. తొమ్మిదినాళ్ళు ముక్కుగొట్టముతోనే పోసిరి. ఇంటికి వచ్చిన పిదప పడకకుర్చీని అటకమీద పెట్టించి, తిన్నని చెక్కకుర్చీ వేయించితిమి. గంజి మానిపించి చోడి అంబలి చిక్కగా కాచిరి. కుడిచేయి బాగుగనే యుండెను గనుక చెంచాను ఆమె చేతికే ఇచ్చితిమి. గిన్నెడు అంబలి త్రాగుటకు గంట పట్టెడిది. కోడలు పనితొందరలో రెండుమూడు పర్యాయములు చెంచా లాగికొనబోయి మాటపడెను. తినినంతసేపు ఎవరును ఆమెను పలుకరింపరాదని కట్టడి. తినిన పిదప నోరు కడిగి, అరగంట కూర్చుండి, అప్పుడు పండుకొనవలెను.

నాలుగవ నెలలో నొకనాడు నేను అచ్చటనే యుంటిని. అంబలి త్రాగుచుండగా ఆమెకు నిజముగనే పొలమారెను. గట్టిగా, పొరుగింటికి వినబడునట్లు దగ్గెను. కోడలు అలవాటుచొప్పున నడినెత్తిన తట్టబోయి, ఆగి, ఆమెను ముందుకు వంచి వీపున చేయి వేసి నిలిచెను. దగ్గు తగ్గిన పిదప పెద్దమ్మ పమిటచెఱగుతో కన్నులు తుడుచుకొని, నావంక చూచి, "మీ పెదనాన్నగారే తలచుకొని యుందురు" అని, చెంచా మరల తీసికొనెను.